మూడో రోజు కాళ్లు ఎందుకు మొరాయించాయి?

ప్రశ్న: నాకు 29 ఏళ్లు, బరువు 68 కిలోలు. ఉండేది కావలిలో. ఉద్యోగం చేసుకుంటూ వారానికి ఏడెనిమిది గంటలు సైకిల్ తొక్కుతాను. ఎడమ క్రాంకుకు (పెడల్ బిగించే కడ్డీకి) కాలి శక్తిని వాట్లలో కొలిచే పవర్ మీటర్ ఉంది. వార్మప్ చేసి నేరుగా తొక్కిన 20 నిమిషాల టెస్టులో 263 వాట్లు వచ్చాయి, అంటే ఎఫ్‌టీపీ (దాదాపు గంటసేపు పట్టగలిగే గరిష్ఠ పవర్) 250. జనవరి చివర్లో మూడు రోజుల స్టేజ్ రేసుకు (రోజుకో స్టేజీ, చివరికి మొత్తం టైమ్ లెక్క) పేరిచ్చాను. మొదటి రోజు 100 కి.మీ. రోడ్ రేసు, రెండో రోజు 20 కి.మీ. టైమ్ ట్రయల్ (ఒక్కొక్కరే గడియారంతో పోటీపడేది), మూడో రోజు ఘాట్ ఉన్న 120 కి.మీ. అలవాటు కోసం పోయిన నెల వరసగా మూడు రోజులు తొక్కి చూశాను. మొదటి రోజు నలుగురం కలిసి నెల్లూరు వెళ్లి వచ్చాం: 110 కి.మీ., 3 గంటల 20 నిమిషాలు, సగటు 196 వాట్లు, నార్మలైజ్డ్ పవర్ (హెచ్చుతగ్గులను లెక్కలోకి తీసుకునే సగటు) 225. పోయేటప్పుడు గాలి లేదు, వచ్చేటప్పుడు ఎదురుగాలి. అయినా 33 కి.మీ. వేగం తగ్గనివ్వలేదు. దారిలో రెండు అరటిపండ్లు, ఒక బిస్కెట్ ప్యాకెట్, మంచినీళ్లు. రాత్రి మూడు పుల్కాలు. రెండో రోజు టైమ్ ట్రయల్ 248 వాట్లతో బాగానే అయింది. మూడో రోజు ఉదయగిరి రోడ్డులో గంటన్నరకే చతికిలపడ్డాను. 170 వాట్లు కూడా పట్టలేకపోయాను. మామూలుగా 172కి పోయే గుండె వేగం 148 దాటలేదు. యాప్‌లో ఫిట్‌నెస్ 55 చూపిస్తోంది. టూర్ ద ఫ్రాన్స్ వాళ్లు 21 రోజులు ఎలా తొక్కుతారు? నా ఎఫ్‌టీపీ ఎంతకు పెంచుకోవాలి?

సమాధానం: ముందుగా ఎఫ్‌టీపీ మీద దిగులు వదిలేయండి. మూడో రోజు జరిగినదానికి కారణం అది కాదు. మొదటి రోజు మీరు పెట్టిన ఖర్చు, ఆ రాత్రి కంచంలో వేసుకున్న తిండి, ఈ రెండే. మీరు పంపిన అంకెల్లోనే అంతా ఉంది.

నార్మలైజ్డ్ పవర్‌ను ఎఫ్‌టీపీతో భాగిస్తే ఇంటెన్సిటీ ఫ్యాక్టర్ వస్తుంది: 225 బై 250 అంటే 0.90. దాని వర్గాన్ని గంటలతో, తర్వాత 100తో గుణిస్తే ట్రైనింగ్ స్ట్రెస్ స్కోర్. మీ మొదటి రోజు స్కోరు 270. యాప్‌లో 55 అని కనిపించే ఫిట్‌నెస్, గత 42 రోజుల్లో మీ ఒంటికి రోజుకు ఎంత స్కోరు అలవాటైందో చెప్పే సగటు. ఈమధ్య రోజులకు అందులో బరువు ఎక్కువ. అంటే రోజుకు 55 అలవాటైన ఒంటితో ఒకే రోజు ఐదు రోజుల పని చేయించారు. అది కూడా మూడు రోజుల్లో మొదటి రోజున.

నిజానికి ఆ పని ఇంకా ఎక్కువే. 20 నిమిషాల టెస్టును 0.95తో గుణించే పద్ధతిలో, దానికి ముందు ఐదు నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, పది నిమిషాలు తేలిగ్గా తిప్పి, ఆ తర్వాతే టెస్టు మొదలుపెట్టాలి. తాజా బలమంతా ఆ ఐదు నిమిషాల్లో కరిగిపోతేనే 0.95 సరిపోతుంది. మీరు ఆ భాగం వదిలేశారు కాబట్టి మీ ఎఫ్‌టీపీ 240 అనుకోండి. ఆ లెక్కన మొదటి రోజు ఇంటెన్సిటీ 0.94, స్కోరు 290 పైచిలుకు. మూడు గంటలకు పైగా 0.94 అంటే అది ప్రాక్టీసు కాదు, రేసే.

సగటు 196 అయితే నార్మలైజ్డ్ 225 ఎందుకు వచ్చింది? ఈ లెక్క 30 సెకన్ల సగటులను నాలుగో ఘాతానికి పెంచి, వాటి సగటుకు మళ్లీ నాలుగో మూలం తీస్తుంది. పది నిమిషాలు 150, పది నిమిషాలు 250 చొప్పున మార్చి మార్చి తొక్కితే సగటు 200, నార్మలైజ్డ్ మాత్రం దాదాపు 217. కండరం బాధపడే తీరు కూడా అలాంటిదే: ఎఫ్‌టీపీకి పైన గడిపిన నిమిషం, కింద గడిపిన నిమిషం కంటే చాలా ఖరీదు. కావలి నుంచి నెల్లూరు దాకా హైవే బల్లపరుపుగా ఉంటుంది. అలాంటి రోడ్డు మీద స్థిరంగా తొక్కితే ఈ రెండు అంకెల మధ్య తేడా ఐదు శాతం మించకూడదు. మీకు పదిహేను శాతం వచ్చింది. దోషం గాలిది కాదు, వేగం పట్టుకుని వేలాడటంలో ఉంది.

మీ బరువు, మామూలు రోడ్ సైకిల్ లెక్కన చూడండి. గాలి లేనప్పుడు 33 కి.మీ. వేగానికి ముందు ఉన్నవాడికి సుమారు 185 వాట్లు చాలు. గంటకు 10 కి.మీ. ఎదురుగాలి వీస్తే అదే 33కి దాదాపు 285 కావాలి. అది మీ ఎఫ్‌టీపీ కంటే 45 వాట్లు పైన. వేగాన్ని 29కి దించితే అదే గాలిలో 210తో సరిపోయేది. నాలుగు కిలోమీటర్ల పంతానికి 75 వాట్లు పోశారు, మీ వంతు వచ్చిన ప్రతిసారీ. ఇకపై తీరప్రాంతంలో తొక్కేటప్పుడు సైకిల్ కంప్యూటర్ మొదటి తెర మీద వేగం కనబడకుండా తీసేయండి. మూడు సెకన్ల సగటు పవర్, ఇప్పటిదాకా అయిన నార్మలైజ్డ్ పవర్, కిలోజూళ్లు, ఈ మూడే ఉంచండి.

కిలోజూళ్లు ఎందుకంటే, అవే మీ తిండి లెక్క. మనిషి ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో నాలుగో వంతు మాత్రమే పెడల్‌కు చేరుతుంది. కాలరీకి నాలుగు జూళ్లు కాబట్టి, మీటరు చూపే ఒక కిలోజూల్‌కు మీరు ఖర్చు చేసేది ఇంచుమించు ఒక కిలోకాలరీ. 196 వాట్లను 12,000 సెకన్లతో గుణిస్తే 2,350 కిలోజూళ్లు, అంటే 2,350 కిలోకాలరీలు. ఆ తీవ్రతలో అందులో కనీసం నాలుగింట మూడు వంతులు పిండిపదార్థం నుంచే వస్తుంది. అది 440 గ్రాములు. మీరు దారిలో తిన్నది 90 గ్రాముల చుట్టూ. మిగతా 350 గ్రాములూ కండరాల్లో, కాలేయంలో దాచుకున్న గ్లైకోజెన్ నుంచే పోయింది. మీ బరువు మనిషికి ఆ నిల్వ మొత్తం 500 గ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. ఆ రాత్రి మూడు పుల్కాలు కలిపింది 45 గ్రాములు. రెండో రోజు పని గంటలోపే కాబట్టి గట్టెక్కారు. మూడో రోజు గంటన్నరకు నిల్వ అడుగంటింది. కాలు నొప్పి, పవర్ పడిపోవడం, వాటితోపాటు గుండె వేగం కూడా పైకి లేవకపోవడం, ఈ మూడూ కలిసి వస్తే అది అలసట, ఖాళీ కడుపు. అదే పవర్‌కు గుండె మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటే అది వేరే సంగతి: నీళ్లు తక్కువైనా, ఎండ దెబ్బ అయినా, లోపల జ్వరం ఉన్నా అలా ఉంటుంది. జ్వరం అనుమానం ఉంటే ఆ రోజు సైకిల్ ఎక్కవద్దు.

టూర్ వాళ్ల సంగతికి వద్దాం. 23 రోజుల్లో 21 స్టేజీలు, రెండు విశ్రాంతి రోజులు. వాళ్ల కాళ్లలో బలం వేరు, వారానికి ఇరవై గంటలకు పైగా తొక్కిన ఏళ్లు వేరు. అయినా వాళ్లు 21 రోజులూ ప్రాణం పెట్టి తొక్కరు. మొత్తం టైమ్ కోసం పోటీపడే నాయకుడు రోజులో ఎక్కువ సేపు గుంపు నడుమ, జట్టువాళ్ల వెనుక దాక్కునే ఉంటాడు. ఒక మనిషి చక్రం వెనుక ఉంటేనే మూడో వంతు దాకా పవర్ మిగులుతుంది, పెద్ద గుంపు లోపల ఇంకా ఎక్కువ. స్ప్రింటర్లు (బల్లపరుపు స్టేజీల్లో చివరి గీత దగ్గర వేగంతో గెలిచేవాళ్లు) కొండ స్టేజీల్లో వెనుక గుంపుగా చేరి, గడువులోపు గీత దాటేంత మేరకే తొక్కుతారు. వీళ్లను మామూలు బలవంతుల నుంచి వేరు చేసేది తాజాగా ఉన్నప్పటి ఎఫ్‌టీపీ ఒక్కటే కాదు. రెండు మూడు వేల కిలోజూళ్ల పని అయ్యాక కూడా వాళ్ల పవర్ పెద్దగా తగ్గదు. మీరు పెంచుకోవాల్సింది అదే. కొలవడం కూడా తేలికే: ఒక రోజు తాజాగా ఐదు నిమిషాల గరిష్ఠం తొక్కండి. నాలుగు రోజుల తర్వాత 1,500 కిలోజూళ్లు చేసి, అప్పుడు అదే ఐదు నిమిషాలు. తేడాను రాసిపెట్టుకోండి. ఆ తేడా తగ్గితే, ఎఫ్‌టీపీ ఒక్క వాట్ కూడా పెరగకపోయినా మీరు మెరుగైనట్టే.

మీటరు గురించి కొంచెం. క్రాంకుకు అంటించిన స్ట్రెయిన్ గేజ్, లోహం వంగే అతి సూక్ష్మమైన వంపును కొలుస్తుంది. ఎండకు లోహం సాగినా అది వంపే అనుకుంటుంది. అందుకే సైకిల్‌ను ఇంట్లోంచి తీసి పది పదిహేను నిమిషాలు బయట ఉంచి, ఆ తర్వాతే జీరో చేయాలి. ఎడమ క్రాంకును నేరుగా కిందికి నిలిపి, పెడల్ మీద కాలు లేకుండా, సైకిల్‌ను నిటారుగా పట్టుకుని కాలిబ్రేట్ నొక్కండి. వచ్చే అంకె ఏ రోజుకారోజు దగ్గరదగ్గరగా ఉండాలి. ఒక్కసారిగా ఎగిరితే బ్యాటరీ మూత కింద తడి చేరిందేమో, క్రాంకు బోల్టు వదులైందేమో చూడండి. సెట్టింగులో క్రాంకు పొడవు సరిచూడండి: 170 మి.మీ. ఉన్నచోట 172.5 అని పెడితే వాట్లు ఒకటిన్నర శాతం ఎక్కువ చూపిస్తాయి. సగటు పవర్‌లో, పెడల్ తిప్పని క్షణాల సున్నాలు కూడా కలిసేలా ఉంచండి. ఎడమ కాలిని రెండింతలు చేసి చూపే మీటరు కాబట్టి, అలసినప్పుడు ఎడమ, కుడి పాళ్లు మారి మూడో రోజు అంకె కొంత పక్కకు పోయి ఉండవచ్చు. దానికోసం కొత్త మీటరు కొనక్కర్లేదు. ఆ డబ్బు మంచి టైర్లకు పెట్టండి. మన రోడ్ల అంచున సర్కారు తుమ్మ ముళ్లకు ట్యూబ్‌లెస్, సీలెంట్ (లోపల పోసే, పంక్చర్ పూడ్చే ద్రవం) తప్ప మందు లేదు. మన ఎండకు సీలెంట్ త్వరగా ఎండిపోతుంది, రెండు నెలలకోసారి మూత విప్పి చూడాలి.

ఇక పది వారాల పని. 240 ఎఫ్‌టీపీ లెక్కన అంకెలు ఇస్తున్నాను. సోమ, శుక్రవారాలు సెలవు. మంగళవారం ఐదుసార్లు నాలుగేసి నిమిషాలు 260–275 వాట్లలో, మధ్యలో నాలుగు నిమిషాలు తేలిక. మొదటి రెండు సార్లు 275 దాటితే చివరి రెండూ పాడవుతాయి, కాబట్టి 260తో మొదలుపెట్టండి. బుధవారం ఓ గంట 150 వాట్లలోపు. గురువారం రెండుసార్లు 20 నిమిషాలు 210–225లో. శనివారం మూడు గంటలు 135–180 మధ్య, చివరి 40 నిమిషాలు మాత్రం 200కి పెంచండి. ఈ వారంలో అన్నిటికంటే విలువైనవి ఆ 40 నిమిషాలే, అలసిన కాలికి పని నేర్పేది అవే. ఆదివారం రెండు గంటలు తేలిక. శనివారం మొదటి గంటలో 180 దాటకుండా ఉండటమే చాలామందికి కష్టం. నలుగురు కలిస్తే పోటీ మొదలవుతుంది. ఆ రోజు ఒంటరిగా వెళ్లండి.

నాలుగో వారం చివర, ఏడో వారం చివర మళ్లీ మూడు రోజులు వరసగా తొక్కండి, ఈసారి పద్దు రాసుకుని. మొదటిసారి: తొలిరోజు రెండున్నర గంటలు, నార్మలైజ్డ్ 190 దాటకుండా. రెండో రోజు గంటంపావు, అందులో 20 నిమిషాలు 230. మూడో రోజు మూడున్నర గంటలు 165–180లో, చివరి అరగంట 205–210. ఆ చివరి అరగంట పట్టగలిగితే, రెండోసారి తొలిరోజును మూడు గంటలకు, 200 వాట్లకు పెంచండి. పట్టలేకపోతే పెంచవద్దు, అదే మళ్లీ చేయండి. ప్రతి మూడు రోజుల వరస తర్వాతి వారం పనిని నలభై శాతం తగ్గించండి. ఫిట్‌నెస్ అంకె ఏ వారంలోనూ ఐదు కంటే ఎక్కువ పెరగకూడదు. జనవరికి 70 దగ్గరకు వస్తే చాలు.

నవంబరు, డిసెంబరుల్లో మన వైపు వానలు, వాయుగుండాలు తప్పవు. ఇంట్లో ట్రైనర్ మీద తొక్కాల్సి వచ్చినప్పుడు ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టండి. ఒంటి వేడి పోయే దారి లేకపోతే బయటి వాట్లు ఇంట్లో రావు. రాలేదని బలవంతపెట్టకండి, గుండె వేగం చూసుకుని పది వాట్లు తగ్గించండి.

ఘాట్ దగ్గర్లో లేదని బాధపడకండి. మధ్యాహ్నం సముద్రపు గాలికి ఎదురుగా, పెద్ద గేరులో, నిమిషానికి 60–70 తిప్పులతో పదేసి నిమిషాలు తొక్కితే కొండకు కావాల్సిన కాలిబలం చాలావరకు వస్తుంది. కానీ పెడల్ వదిలిన క్షణమే సైకిల్ ఆగిపోయే ఆ తీరు కొండ మీదే తెలుస్తుంది. కాబట్టి రెండుసార్లయినా కారులో సైకిల్ వేసుకుని గిద్దలూరు–నంద్యాల ఘాట్‌కో, దోర్నాల–శ్రీశైలం ఘాట్‌కో వెళ్లండి. నల్లమల పులుల అడవి, తెల్లారాక ఎక్కి పొద్దుండగానే దిగేయండి. అరటిపండు చేతిలో కనబడేలా పట్టుకోకండి, కోతులు వదలవు. 6 శాతం వాలులో మీ 240 వాట్లకు వేగం 15 కి.మీ. చుట్టూ ఉంటుంది. ముందు చిన్న పళ్లచక్రానికి 34 పళ్లు, వెనుక పెద్దదానికి 30 లేదా 32 ఉంటే మోకాలికి సుఖం.

తిండి ప్రాక్టీసు కూడా ఈ పది వారాల్లోనే జరగాలి. రేసు రోజున కొత్తగా మొదలుపెడితే కడుపు తిరగబడుతుంది. పేగు గ్లూకోజ్‌ను గంటకు 60 గ్రాముల దాకానే పీల్చుకోగలదు. ఫ్రక్టోజ్‌కు దారి వేరు కాబట్టి రెండూ కలిపితే ఎక్కువ లోపలికి పోతుంది. చక్కెరలో రెండూ సగం సగం ఉంటాయి. కాబట్టి 750 మి.లీ. సీసాలో 40 గ్రాముల చక్కెర, 20 గ్రాముల గ్లూకోజ్ పొడి, పావు టీస్పూను ఉప్పు, అర నిమ్మకాయ. గ్లూకోజ్ రెండు పాళ్లు, ఫ్రక్టోజ్ ఒక పాలు వచ్చింది. అది ఒక గంటకు. రెండో సీసాలో మంచినీళ్లు. ఇది నాలుగు వారాలు కడుపుకు పట్టాక, గంటకు ఒక అరటిపండు చేర్చి 80 గ్రాములకు వెళ్లండి. ఒకే సీసాలో 80 గ్రాములు కలిపేస్తే చిక్కనై కడుపులో నిలబడిపోతుంది, ఎండలో మరీను. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఉప్పుకు మంచిదే కానీ అందులో లీటరుకు గ్లూకోజ్ 13.5 గ్రాములే. దాన్ని తిండి అనుకోకండి. బయల్దేరే ముందు, వచ్చాక బరువు చూసుకోండి. 1.3 కిలోల కంటే ఎక్కువ తగ్గితే తాగింది చాలలేదు.

గీత దాటిన అరగంటలో పెరుగన్నం, రెండు ఉడికించిన గుడ్లు. వండిన అన్నం 300 గ్రాములు అంటే 80 గ్రాముల పిండిపదార్థం. రేసు మూడు రోజులూ మీకు రోజుకు 550 గ్రాములు కావాలి. బియ్యం 100 గ్రాములకు 78 వస్తుంది కాబట్టి ఆ రోజుల్లో పుల్కాలు పక్కనపెట్టి మూడు పూటలా అన్నం, ఇడ్లీ తినండి, మొహమాటం లేకుండా. పీచు, నూనె, కారం తగ్గించండి. చేపల పులుసు, గోంగూర మూడో స్టేజీ అయ్యాక.

రేసులో మొదటి రోజు ఒక్కటే గుర్తుంచుకోండి: ఒకే గుంపులో గీత దాటినవారందరికీ ఒకే టైమ్ వేస్తారు. మొదటి ముగ్గురికి బోనస్ సెకన్లు ఉన్నాయేమో మీ రేసు నియమాల్లో చూసుకోండి. మీరు వాటికి పోటీ కాకపోతే చివరి స్ప్రింటులో తలదూర్చవద్దు. గుంపు నడుమ ఉంటూ, విడిపోయిన ప్రతివాడి వెనుకా పరిగెత్తకుండా రండి. కావలి, ఒంగోలు మధ్య ప్రాక్టీసులో అడ్డగాలికి ఏటవాలుగా వరస కట్టే సరదా మాత్రం వద్దు, అది వాహనాలు ఆపేసిన రోడ్డు మీద చేసే పని.

టైమ్ ట్రయల్ మీకు అరగంట పని. మొదటి ఐదు నిమిషాలు 225 దాటకండి. కాలు తేలిగ్గా అనిపిస్తుంది, అప్పుడే అందరూ చెడగొట్టుకుంటారు. ఆ తర్వాత 235, చివరి ఐదు నిమిషాలు ఎంత ఉంటే అంత. వెళ్లి వెనక్కి తిరిగే దారి అయితే ఎదురుగాలి వైపు పది వాట్లు ఎక్కువ, గాలి వాటులో పది తక్కువ, ఎందుకంటే ఎక్కువ సమయం గడిచేది ఎదురుగాలిలోనే.

మూడో రోజు ఉదయం వార్మప్‌లో పది నిమిషాలు 150 వాట్లు పట్టి గుండె వేగం చూడండి. మామూలు కంటే పది కొట్టుకోవడాలు తక్కువగా ఉండి కాళ్లు బరువుగా ఉంటే, ఘాట్ అడుగున 240 బదులు 215తో మొదలుపెట్టి, మొదటి గంట నుంచే 80 గ్రాముల లెక్కన తినండి. సగం ఘాట్ ఎక్కాక కాళ్లు తేలికపడితే అప్పుడు పెంచుకోవచ్చు. రేసు అయ్యాక వారం దాకా ఏ టెస్టూ పెట్టుకోకండి, ఆ అంకెలు నిజం చెప్పవు.